కపిల బావి నుంచి కార్బురేటర్ దాకా

కుందారపల్లిలో మా ఇంటి అటక మీద ఒక గోనెసంచి ఉంది. అందులో తాత కాలం నాటి కపిల గిలక ఒకటి, చిన్నాయన దాచుకున్న ఇత్తడి జెట్లు నాలుగు, వాటితోపాటు ఒక పాత కార్బురేటర్. మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు పిల్లలు దాన్ని బయటికి తీసి "ఇది యేమి?" అని అడిగినారు. బెంగుళూరులో పుట్టి పెరిగిన పిల్లలు. ఆ పొద్దు వాళ్ళకు చెప్పిన కథే ఇది.

మన మొరసునాడు మెట్ట సీమ. దక్షిణ పినాకిని మీద కృష్ణగిరి దగ్గర 1950ల చివర ఆనకట్ట వచ్చింది గానీ, ఆ కాలవ నీళ్ళు పారేది ఆనకట్టకు దిగువనే. పై చేలకు బావులే దిక్కు. ఎద్దులు వెనక్కీ ముందుకూ నడుస్తా ఉంటే కపిల బాన పైకి వచ్చేది. అది పోయి ఇంజను వచ్చిన నాటినుంచి నీళ్ళ కథ కాస్తా పెట్రోలు కథ అయింది.

కార్బురేటర్ చేసే పని వినడానికి చిన్నది. పెట్రోలును గాలిలో సన్న తుంపరగా కలపాలి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలాలంటే తూకంలో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. గొట్టం మధ్యలో సన్నబడితే అక్కడ గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుందని 1797లో ఇటలీవాడు వెంచూరి రాసినాడు. ఆ తగ్గిన ఒత్తిడే చిన్న గిన్నెలోని పెట్రోలును సన్న బెజ్జం గుండా పైకి లాగుతుంది. ఆ బెజ్జమే జెట్. 1893లో జర్మనీలో మైబాక్, హంగరీలో బాంకీ, చోంకా ఈ పద్ధతికి రూపం ఇచ్చినారు. 1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ పడవ వెనక తగిలించే మోటారు అమ్మకానికి పెట్టినాడు. దాని గుండె కూడా ఇదే.

పడవకూ మాకూ యేమి సంబంధం అంటారా? హొగెనకల్ పుట్టి తప్ప వేరే పడవ ఎక్కినోళ్ళం కాదు మేము. అయినా పడవ ఇంజను ముక్క ఒకటి మా ఇంటికొచ్చింది. చిన్నాయనకు అప్పటికి ఇరవై ఏండ్లు కూడా నిండలేదు. బావి దగ్గర చిన్న టూ-స్ట్రోక్ పంపు ఉండె. నీళ్ళు చాలడం లేదని బెంగుళూరు గుజరీలో "బోటు ఇంజనుది, పెద్దది" అని ఒకడు చెప్పిన కార్బురేటర్ కొనుక్కొచ్చి, రేకు కత్తిరించి, రబ్బరు పెట్టి బిగించినాడు. పెద్ద నోరు పెడితే ఇంజను ఎక్కువ తాగుతుంది, ఎక్కువ లాగుతుంది అనుకున్నాడు.

జరిగింది వేరు. పెద్ద ఇంజనుకు చేసిన గొంతులో చిన్న ఇంజను పీల్చే గాలి నిదానంగా పోతుంది. వేగం లేకపోతే లాగే బలం ఉండదు, పెట్రోలు తక్కువగా వస్తుంది. టూ-స్ట్రోక్‌లో ఇంకో చిక్కు, ఆయిలు వచ్చేది కూడా పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గితే వేడి పెరుగుతుంది, జారుడు తగ్గుతుంది. మూడో పొద్దు మధ్యాహ్నం పిస్టన్ పట్టేసింది. దాన్ని బాగు చేయించేలోపల టమాటా చేను ఎండిపోయింది. అవ్వ కమ్మలు కుదవకు పోయినాయి. తాత తిట్టలేదు. "నోరు పెద్దదయితే ఆకలి పెద్దది కాదు రా నాయనా" అన్నాడు, అంతే. చిన్నాయన ఆ మాట చచ్చేదాకా మరవలేదు.

పాత కార్బురేటర్ మళ్ళీ బిగించి, ఒక్కొక్క జెట్టు మార్చి చూస్తా నేర్చుకున్నాడు. ఆ లోపల హోసూరులో ఫ్యాక్టరీలు మొదలైనాయి. 1980లో అక్కడినుంచే టీవీఎస్ 50 మోపెడ్ బయటికొచ్చింది. ఇద్దరు కూర్చోవచ్చు, మూట వేసుకోవచ్చు. కుందారపల్లి శుక్రవారం సంతకు నడిచి వచ్చినోళ్ళు మోపెడ్ మీద రావడం మొదలైంది. చిన్నాయన రోడ్డు పక్కన చింతచెట్టు కింద అంగడి పెట్టినాడు. కమ్మలు విడిపించింది ఆ అంగడి డబ్బుతోనే.

ఆయన ట్యూనింగ్ ఇట్ల చేసేవాడు. ఇంజను ఆపి గాలి స్క్రూను మెల్లగా మూసి, ఒకటిన్నర చుట్టు విప్పాల. స్టార్ట్ చేసి వేడెక్కనివ్వాల. అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పుతా, ఏడ ఒకే స్వరంలో చురుగ్గా తిరుగుతుందో ఆడ ఆపి, ఐడిల్ దించాల. నడిమి వేగానికి సూది, పూర్తి వేగానికి పెద్ద జెట్టు చూసుకోవాల. ఆఖరికి ప్లగ్ ఊడదీసి చూడాల. టీ డికాషన్ రంగు ఉంటే సరి, తెల్లగా ఉంటే పెట్రోలు చాలలేదు, మసి పట్టితే ఎక్కువయింది. "హోసూరు మిట్ట మీద సరిచేసిన బండి కిందికి దిగితే గాలి చిక్కబడుతుంది, ఇంకొకసారి చూసుకో" అనేవాడు.

"బావి పంపూ బోటు ఇంజనూ అన్నదమ్ములు" అని కూడా అనేవాడు. రోడ్డు మీద బండికి పల్లం వస్తే కాస్త విశ్రాంతి. నీళ్ళను తోసే ఇంజనుకు పల్లం లేదు, గంటల తరబడి ఒకే బరువు. అందుకే వాటికి పెట్రోలు ఒక పిసరు ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువ కాకూడదు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నియమాలు వచ్చినాక కొత్త బళ్ళలో కార్బురేటర్ దాదాపు పోయింది. పెట్రోలు కొలత ఇప్పుడు సెన్సర్లది. పొగ తగ్గింది, మంచిదే. కానీ చెవితో విని, రంగు చూసి ఇంజను కడుపు తెలుసుకునే విద్య ఆ తరంతోనే పోతా ఉంది. దాంతోబాటు దాన్ని చెప్పే తెలుగు కూడా. "బండి దగ్గుతా ఉంది", "గొంతు పట్టింది", "ఆకలిగా ఉంది" - ఇవన్నీ చిన్నాయన ఇంజన్లకు వాడిన మాటలే. బడిలో మేము అరవం చదువుకున్నాం, ఫ్యాక్టరీలో ఇంగ్లీషు విన్నాం. ఇంజనును మాత్రం తెలుగులోనే పలకరించినాం.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి సంచి ఒకటి ఉండే ఉంటుంది. పాత ఇనుముకు వేసేముందు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, అందులోని ఒక్కొక్క వస్తువుకు మీ పెద్దలు పెట్టిన పేరు ఒకసారి చెప్పండి. మా సంచి మళ్ళీ అటక ఎక్కింది. గిలక పక్కనే కార్బురేటర్.