కణాన్ని చూడటం నుంచి కొలవడం దాకా

బతికున్న కణం మామూలు మైక్రోస్కోప్ కింద దాదాపు కనిపించదు. అందులో ఎక్కువ భాగం నీరే కాబట్టి, మీద పడ్డ వెలుగంతా అటునుంచి ఇటు వచ్చేస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞులు రంగులు అద్ది ఈ చిక్కును దాటారు గానీ, ఆ రంగు పట్టడానికి చాలాసార్లు కణాన్ని ముందే చంపాల్సి వచ్చేది. నిజానికి కణం కాంతి మీద తన గుర్తు వేయకపోదు. నీటి వక్రీభవన గుణకం 1.33, కణానిది 1.36 అనుకుందాం. 5 మైక్రోమీటర్ల మందం దాటేసరికి కాంతి 150 నానోమీటర్లు వెనకబడుతుంది. 600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతికి అది పావు తరంగం. అయితే కంటికీ ఫిల్ముకూ తెలిసేది కాంతి తీవ్రతే, తరంగ దశ తెలియదు. ఆ దశను అంకెల్లో రాబట్టే డిజిటల్ హోలోగ్రఫిక్ మైక్రోస్కోపీని కంప్యూటర్ యుగపు కానుకగా చెబుతుంటారు. దాని మూల ఆలోచనలు మాత్రం ఎంతో ముందే, వేరే సమస్యలతో కుస్తీ పడుతున్నవారి చేతుల్లో పుట్టాయి.

1930లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఫ్రిట్స్ జెర్నికె వివర్తన గ్రేటింగ్‌ల లోపాలను పరీక్షిస్తున్నారు. వస్తువు వల్ల చెదరకుండా నేరుగా వచ్చే కాంతిని పావు తరంగం జరిపితే, దశలోని తేడా వెలుగునీడల తేడాగా మారుతుందని అప్పుడే గ్రహించారు. 1932లో ఆ పద్ధతిని యెనాలోని జైస్ కంపెనీకి చూపిస్తే, పనికొచ్చేదే అయితే మేమే ఎప్పుడో కనిపెట్టేవాళ్లమన్న ధోరణిలో జవాబు వచ్చిందని ఆయన తర్వాత చెప్పారు. 1953లో ఆ పనికే నోబెల్ బహుమతి దక్కింది. మరి సమస్య అక్కడితో తీరిపోలేదా అంటే, తీరలేదు. ఆ చిత్రంలో వెలుగు, దశకు సరైన కొలత కాదు. పైగా కణం అంచుల చుట్టూ అసలు లేని కాంతివలయం కనిపిస్తుంది.

కొలవడం కూడా కంప్యూటర్‌కు ముందే మొదలైంది కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. 1952లో ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ బేరర్ వ్యతికరణ మైక్రోస్కోప్‌తో కణంలోని పొడి పదార్థం బరువు లెక్కగట్టవచ్చని చూపారు. 100 మిల్లీలీటర్లలో ఒక గ్రాము ప్రోటీన్ చేరితే వక్రీభవన గుణకం సుమారు 0.0018 పెరుగుతుంది. ఆ లెక్కన పైన చెప్పిన 0.03 తేడా అంటే 100 మిల్లీలీటర్లకు దాదాపు 17 గ్రాములు. తక్కెడ లేకుండానే తూకం వేసినట్టు. సూత్రం సరైనదే, కానీ ఒక్కొక్క బిందువు దగ్గరా చేత్తో సరిచూసుకుంటూ కొలవాల్సి వచ్చేది. నిరంతరం కదిలే కణం మొత్తాన్ని ఒకేసారి పట్టుకునే దారి లేదు.

ఆ దారి హోలోగ్రఫీలో దొరికింది. 1947లో ఇంగ్లండ్‌లోని రగ్బీలో డెన్నిస్ గేబర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కటకాల లోపాన్ని దాటే ఉపాయం వెతుకుతున్నారు. వస్తువు నుంచి వచ్చే తరంగాన్ని మరో తరంగంతో కలిపి నమోదు చేస్తే, ఆ చారల్లో దశ కూడా నిలుస్తుందన్నది ఆయనకు తట్టిన ఆలోచన. అయితే జంట బొమ్మ ఒకటి అసలు బొమ్మ మీద పడి దాన్ని పాడుచేసేది. 1962లో మిషిగన్‌లో లీత్, ఉపాట్నీక్స్ ఆ రెండో తరంగాన్ని ఏటవాలుగా పంపి రెండు బొమ్మలనూ విడదీశారు. లేజర్ ఆ పద్ధతికి బలమైంది. 1967లో గుడ్‌మన్, లారెన్స్ హోలోగ్రామ్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పట్టి, కంప్యూటర్‌తో బొమ్మ కట్టారు. 1994లో జర్మనీలో ష్నార్స్, యుప్ట్‌నర్ సీసీడీ కెమెరాతో హోలోగ్రామ్‌ను నేరుగా నమోదు చేశారు. 1999లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో క్యూష్, బెవిలాక్వా, డెపర్సింజ్ ఒకే హోలోగ్రామ్ నుంచి దశ పటాన్ని అంకెల్లో రాబట్టారు.

దశ చెప్పేది మందం, గుణకం కలిసిన లెక్క మాత్రమేననీ, ఏ అణువు ఎక్కడుందో అది చెప్పదనీ విమర్శకులు అంటారు. రెండో మాట నిజం, అందుకే ప్రతిదీప్తి రంగుల అవసరం నేటికీ ఉంది. మొదటిదానికి 2005లో లొజాన్ బృందమే జవాబిచ్చింది: గుణకం వేరువేరుగా ఉన్న రెండు ద్రావణాల్లో అదే కణాన్ని కొలిచి, మందాన్నీ గుణకాన్నీ విడదీసింది. జెర్నికె గానీ గేబర్ గానీ కణాన్ని తూచాలని బయల్దేరినవారు కారు. తక్షణ ప్రయోజనం చూపితేనే పరిశోధనకు డబ్బిస్తామనే వాదన ఈ చరిత్ర ముందు నిలవదు.