ఫోర్క్ తెలిసిన విండోస్

విండోస్‌లో యూనిక్స్ వాతావరణాన్ని ఇచ్చిన ఇంటెరిక్స్ పేరు ఇప్పటి ప్రోగ్రామర్లలో చాలామంది విని ఉండరు. 2012లో మైక్రోసాఫ్ట్ దానికి కాలం చెల్లిందని చెప్పేసింది. మరుసటి ఏడు విండోస్ 8.1, సర్వర్ 2012 ఆర్2 వచ్చేసరికి వాటిలోంచి పూర్తిగా తీసేసింది. దాని పెంపకంలో మన హైదరాబాద్ చేయి కూడా ఉంది. అందుకే అది పోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

యూనిక్స్‌లో కొత్త ప్రాసెస్ ఫోర్క్ వల్ల పుడుతుంది. నడుస్తున్న ప్రోగ్రామే రెండుగా చీలుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలుతుంది కదా, మా యానాం, అడవిపొలం వైపు వచ్చే గౌతమిలోనూ, అటు పోయే వశిష్ఠలోనూ ఉన్నది పైనుంచి వచ్చిన నీరే. ఇదీ అంతే. తల్లి ప్రాసెస్ మెమరీలో ఉన్నవి, అది తెరిచి పెట్టిన ఫైళ్లు పిల్లకూ వస్తాయి. ఫోర్క్ తల్లికి పిల్ల నంబరునూ, పిల్లకు సున్నానూ ఇస్తుంది. అక్కణ్ణుంచి ఎవరి దారి వారిది. విండోస్ పద్ధతి వేరు. క్రియేట్‌ప్రాసెస్‌కు ఒక ప్రోగ్రామ్ పేరు చెబితే అది మొదటి వరుస నుంచి కొత్తగా మొదలవుతుంది. తల్లి మెమరీలో అంతవరకూ చేరిన సంగతేదీ, పనిగట్టుకుని అందిస్తే తప్ప, పిల్లకు తెలియదు.

ఈ ఒక్క తేడా యూనిక్స్ ప్రోగ్రామ్‌లను విండోస్‌కు పోర్టింగ్ చేసేవాళ్ల ప్రాణాలు తోడేసింది. వాటికోసం పుట్టిన సిగ్విన్ అనే సాధనం పిల్లను పుట్టించి, కదలకుండా ఆపి, తల్లి మెమరీని అందులోకి కాపీ చేస్తుంది. డీఎల్ఎల్‌లు రెండింటిలోనూ ఒకే చిరునామాలో కుదరకపోతే ఆ ఫోర్క్ అక్కడే విఫలం. అపాచీ వెబ్ సర్వర్ విండోస్ మీద ప్రాసెస్‌ల గుంపును వదులుకుని, ఒకే పిల్ల ప్రాసెస్‌లో థ్రెడ్లతో సరిపెట్టుకుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 2005లో 8.0తో నేరుగా విండోస్‌కు వచ్చినప్పుడు, తల్లి సంగతులను పనిగట్టుకుని పిల్లకు అందించాల్సి వచ్చింది.

ఇంటెరిక్స్‌కు ఈ అవస్థ లేదు. మైక్రోసాఫ్ట్‌లో డేవ్ కట్లర్ బృందం విండోస్ ఎన్‌టీ కెర్నెల్‌ను వేర్వేరు సబ్‌సిస్టమ్‌లను మోసేలా కట్టింది. ప్రాసెస్‌ను చీల్చే శక్తి ఆ కెర్నెల్‌లో ఉండనే ఉంది, విన్32 మాత్రం ఆ తలుపు తెరవలేదు. 1993 నాటి తొలి ఎన్‌టీలో యూనిక్స్ ప్రమాణమైన పోసిక్స్ కోసం సబ్‌సిస్టమ్ ఒకటి పెట్టారు. అయితే అమెరికా ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధన తీరడానికి ఎంత కావాలో అంతే. నెట్‌వర్క్ కూడా లేని ఆ మొలకను 1995లో పుట్టిన సాఫ్ట్‌వే సిస్టమ్స్ అనే చిన్న కంపెనీ నిజమైన యూనిక్స్‌గా పెంచింది. మొదట ఓపెన్‌ఎన్‌టీ అన్నారు, తరవాత ఇంటెరిక్స్. ఫోర్క్ అంటే నిజంగా ఫోర్కే, సిగ్నల్ అంటే నిజంగా సిగ్నలే. 1999లో ఆ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనేసింది.

1998లో మొదలైన మైక్రోసాఫ్ట్ హైదరాబాద్ డెవలప్‌మెంట్ సెంటర్ తొలినాళ్లలో చేపట్టిన పనుల్లో సర్వీసెస్ ఫర్ యూనిక్స్ ఒకటి. 2002లో దాని 3.0లో ఇంటెరిక్స్ చేరింది. 2004లో 3.5ను ఉచితంగా ఇచ్చారు. ఊరికొక కోచింగ్ సెంటర్ వెలిసిన ఆ రోజుల్లో, ఆపరేటింగ్ సిస్టమ్ లోతుల్లో ఇంత కష్టమైన పని మన నగరంలో జరిగిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇంటెరిక్స్ పతనానికి విత్తనం దాని పుట్టుకలోనే ఉంది. పాత యూనిక్స్ సర్వర్లు వాడే కంపెనీలను విండోస్‌కు రప్పించడమే దానికి అప్పగించిన పని. ఆ కంపెనీలకేమో లైనక్స్ మరింత దగ్గరి దారిగా కనిపించింది. అటు వెళ్లినవాళ్లకు ఇంటెరిక్స్‌తో పని లేకపోయింది. 2005 చివర్లో దాని పేరు మార్చి సర్వర్ 2003 ఆర్2లో కలిపారు. విస్టాలో ఎంటర్‌ప్రైజ్, అల్టిమేట్ కొన్నవాళ్లకే దక్కింది. ఇంట్లో మామూలు విండోస్‌తో నేర్చుకునే కుర్రాళ్లకు అందకుండా చేయడమే నా లెక్కలో అసలు దెబ్బ. వాడేవాళ్లు తగ్గారు, వాళ్లతోపాటే ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్‌లను దానికోసం సరిచేసే చేతులూ తగ్గాయి.

2016లో, హైదరాబాద్‌లోనే పుట్టిన సత్య నాదెళ్ల హయాంలో, మైక్రోసాఫ్ట్ లైనక్స్ ప్రోగ్రామ్‌లను విండోస్‌లో నడిపే డబ్ల్యూఎస్ఎల్ తెచ్చింది. ఇంటెరిక్స్‌లోలా మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు, ఉబుంటులో ఉన్నది ఉన్నట్టే నడుస్తుంది. ఎన్‌టీ కెర్నెల్ మళ్లీ ఫోర్క్ చేసింది. 2019లో ప్రకటించిన డబ్ల్యూఎస్ఎల్ 2లో ఆ దారినీ పక్కనపెట్టి, వర్చువల్ మెషీన్‌లో అసలైన లైనక్స్ కెర్నెల్‌నే కూర్చోబెట్టారు. అందులో ఏ ప్రోగ్రామ్ ఫోర్క్ అడిగినా బదులిచ్చేది లైనక్స్ కెర్నెలే.