మంగాపురం దారిలో ముప్పై రెండు కిలోమీటర్లు

తెల్లవారుజాము నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. అలిపిరి పాదాల మండపం దగ్గర గేటు ఎప్పుడు తీస్తారా అని జనం కాచుకుని ఉన్నారు. ఒక పెద్దావిడ కొంగు నడుముకు బిగించి, స్టీలు గిన్నెలో పసుపు కలుపుకుంటోంది. మొదటి మెట్టు నుంచి ఆఖరి మెట్టు దాకా, 3550 మెట్లకూ పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కుతుందట. ఎన్ని గంటలు పడుతుందమ్మా అని అడిగాను.

"ఏ యేళకి అయితే ఆ యేళకి అమ్మణ్ణీ. సామి యాడికన్నా పోతాడా?" అంది, తలెత్తకుండానే.

నేను వంగి బూటు తాళ్ళకు రెండో ముడి వేస్తున్నాను. ఇవాళ నా దారి కొండ మీదికి కాదు, పడమటికి. జూపార్కు రోడ్డు మీదుగా శ్రీనివాస మంగాపురం, అక్కణ్ణించి శ్రీవారి మెట్టు. పదహారు కిలోమీటర్లు పోను, పదహారు రాను. ఇంకో మూడు వారాల్లో, ఆగస్టు నెలాఖరున, హైదరాబాద్ మారథాన్. నలభై రెండేళ్ళ వయసులో నా మొదటి మారథాన్. ఆరు నెలలుగా చేస్తున్న సాధనలో అన్నిటికన్నా పెద్ద పరుగు ఇవాళ్టిదే.

మేం అయిదుగురం. మా అందరికీ పెద్ద దిక్కు రైల్వే అన్న. క్యారేజి వర్క్‌షాపులో పనిచేసి రిటైరయిన మనిషి, నాలుగు మారథాన్లు పూర్తి చేశాడు. ఒక నర్సింగు చదివే పిల్ల, ఒక ఇంజినీరింగు కుర్రాడు, కూరగాయల మార్కెట్లో లెక్కలు రాసే తమ్ముడు ఒకడు, నేను. నెత్తికి దీపాలు, మెడలో విజిల్. విజిల్ ఎందుకంటే చిరుతలు. 2023 ఆగస్టులో ఈ మెట్ల దారిలోనే ఆరేళ్ళ పసిబిడ్డను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత ఊళ్ళోని యూనివర్సిటీ ఆవరణలో కూడా చిరుతలు కనబడుతూ ఉన్నాయి. అందుకని చీకట్లో ఎవ్వరం ఒంటరిగా పరిగెత్తం. ఇది మాకు మొదటి నియమం.

గేటు తీశారు. "గోవిందా" అన్న కేక ఒకచోట లేచి మెట్ల వెంట పైకి పాకింది. వెనక నుంచి ఇంకో గుంపు దాన్ని అందుకుంది. దూరాన గాలిగోపురం దగ్గర నామం దీపాలు వెలుగుతున్నాయి. మేం అటు చూసి దండం పెట్టుకుని, వీపు తిప్పి కదిలాం.

మొదటి కిలోమీటర్లలో కాళ్ళు మనవి కావు. మడమలు బిగుసుకుని, ఊపిరికీ అడుగుకూ పొత్తు కుదరదు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. రైల్వే అన్న గడియారం కుయ్‌మంటే చాలు, పరిగెత్తే ఓపిక ఎంత ఉన్నా నడకలోకి దిగాల్సిందే. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది జెఫ్ గాలవే అనే అమెరికన్. 1972 ఒలింపిక్స్‌కు వెళ్ళిన పరుగు వీరుడు ఆయన. అంతటివాడు నడవమన్నాడని చెప్పినా మొదట్లో నాకు మనసొప్పలేదు. నడవడమంటే ఓడిపోవడమే అనుకునేదాన్ని.

ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. మైదానం చుట్టూ ఒక్క రౌండు, నాలుగు వందల మీటర్లు, పూర్తిచేసి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయిన రోజు ఇంకా గుర్తుంది. మార్చి చివరికి ఆగకుండా అయిదు కిలోమీటర్లు వచ్చింది. ఆ సంతోషంలో తొందరపడ్డాను. వారానికి పదో వంతుకు మించి దూరం పెంచొద్దని అన్న చెప్తూనే ఉన్నాడు, నేను రెట్టింపు చేశాను. పైగా ఒక అంగడివాడు అంటగట్టిన బూట్లు నా కొలతకన్నా చిన్నవి. కుడికాలి బొటనవేలి గోరు మొదట ఎర్రబడింది, తర్వాత నేరేడు పండులా నల్లబడింది, నెల తిరిగేసరికి ఊడి సాక్సులో దొరికింది. పరిగెత్తేటప్పుడు పాదం ఉబ్బుతుంది, కాలివేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత చోటు ఉండాలని అప్పుడు తెలిసింది.

మే నెలలో ముంగాలి ఎముక నొప్పి పట్టుకుంది. మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంట వేలితో నొక్కితే ప్రాణం పోయేది. మూడు వారాలు పరుగు బంద్. అందులో ఒకటి గంగమ్మ జాతర వారం. తిరుపతంతా వీధుల్లో ఉంది. నేను కిటికీ దగ్గర కుర్చీలో కాలు చాపుకుని, ఐసు మూట పెట్టుకుని కూర్చున్నాను. కింద డప్పులు, బైరాగి వేషాలు, దొర వేషాలు. మొహాన రంగు పూసుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా, కాగే తారు రోడ్డు మీద పిల్లలూ పెద్దలూ నడిచి పోతున్నారు. నా కాలు చూసుకుని ఏడ్చాను. ఆ ఏడుపు ఎందుకొచ్చిందో ఇంట్లోవాళ్ళకు చెప్పలేకపోయాను.

చెర్లోపల్లి దాటాం. కుడిచేతి వైపు కొండ నల్లటి గోడలా మాతోపాటే వస్తోంది. అడవి మీంచి చల్లగాలి. రోడ్డు మీద పాల బండ్లు తప్ప ఎవరూ లేరు. మాట్లాడుకుంటూ పరిగెత్తాలి. మాట రాకపోతే వేగం ఎక్కువైందని అర్థం. అందుకని కుర్రాడు అడిగాడు, నలభై రెండు కిలోమీటర్లు సరే అన్నా, ఆ మీద 195 మీటర్లు దేనికని.

1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాచకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించారు. ఆ కొలతనే 1921లో ఖాయం చేశారు. ఆ సంగతి అన్న చెప్తుంటే నర్సింగు పిల్ల, "రాణెమ్మ కుర్చీ ఇంకొంచెం ముందుకు జరిపింటే మనకు తగ్గేది గదన్నా" అంది. నలుగురం నవ్వాం. ఆ నవ్వుకు ఒక కిలోమీటరు తెలియకుండా పోయింది.

మంగాపురం గుడి గోపురం దగ్గరికొచ్చేసరికి తూర్పున తెల్లటి గీత. పెళ్ళయ్యాక శ్రీనివాసుడూ పద్మావతీ ఆరు నెలలు ఇక్కడే ఉండి, శ్రీవారి మెట్టు దారిన కొండెక్కారని స్థల పురాణం. చంద్రగిరి కోట నుంచి రాయలవారూ ఈ దారినే ఎక్కేవారంటారు. గుడి దగ్గర కుడికి తిరిగితే అడవి మొదలు. మట్టి వాసన, కొమ్మల్లో పిట్టల గోల. పదహారో కిలోమీటరు దగ్గర మెట్టు ఆర్చి కనబడేసరికి బాగా వెలుగొచ్చింది. గడియారంలో రెండు గంటలా ఒక నిమిషం.

సీసాలో రాగి జావ, ఉప్పు వేసి మజ్జిగతో కలిపింది. ఒక బెల్లం శెనక్కాయ ఉంట. ఎనిమిది నెలల కిందట ఎవరైనా ఇది మారథాన్ తిండి అని చెప్పుంటే నమ్మేదాన్ని కాను. జెల్ ప్యాకెట్లు కొని చూశాను, నా కడుపుకు పడలేదు. మా అమ్మ చేతి ఉంట పడింది. సన్నగా నమిలి, నీళ్ళు గుక్కలు గుక్కలుగా తాగాలి. దాహం వేస్తుందని ఒట్టి నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది.

వెనక్కి తిరిగాం. మళ్ళీ మంగాపురం దాటి తూర్పుకు మొగం పెట్టేసరికి సూర్యుడు సరిగ్గా కళ్ళల్లోకి వచ్చాడు. కొండ ఇప్పుడు ఎడమ పక్కన. పొద్దున చల్లగా ఉన్న గాలి ఎక్కడికి పోయిందో తెలియదు. ఇరవై రెండో కిలోమీటరు. కుర్రాడూ పిల్లా ముందుకెళ్ళిపోయారు. తమ్ముడు పిక్క పట్టేసి వెనకపడ్డాడు, అన్న వాడితో ఉన్నాడు. పట్టపగలు, రోడ్డు మీద జనం ఉన్నారు, భయం లేదు. మధ్యలో నేనొక్కదాన్నే.

జూన్‌లో కాలు బాగుపడ్డాక ఇంకో కష్టం వచ్చింది. నొప్పి లేదు, కానీ సత్తువ లేదు. మార్చిలో పరిగెత్తిన అయిదు కిలోమీటర్లు కూడా చేతకాలేదు. మెట్లెక్కితే గుండె దడ. ఒక డాక్టరు నా మొహం కూడా సరిగా చూడకుండా, ఈ వయసులో ఆడవాళ్ళకు పరుగులేంటమ్మా, ఇంట్లో నడుచుకోండి అన్నాడు. రక్త పరీక్ష కూడా రాయలేదు. ఆ మాట వారం రోజులు నాలో ముల్లులా తిరిగింది. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ పరిగెత్తుతుంటే ఒక నిర్వాహకుడు మీదపడి నంబరు లాగబోయాడు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ పెట్టింది 1984లో, నేను పుట్టిన కాలంలో. అంటే నా ఈడుదే ఆ పోటీ. మరి ఆ మాట అనేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇంకో డాక్టరమ్మ పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.1. పన్నెండుకు తగ్గకూడదు. నెలనెలా పోయే రక్తం, అన్నం తినగానే తాగే టీ, ఇంట్లో అందరికీ పెట్టాక మిగిలింది తినే అలవాటు. ఐరన్ మాత్రలు రాసింది, నిమ్మరసంతో వేసుకోమంది, టీ గంట ఆగి తాగమంది. పరుగు మానమని మాత్రం అనలేదు. మెల్లిగా పరిగెత్తమంది. అక్కచెల్లెళ్ళారా, మీకు పరుగుతో పని లేకపోయినా సరే, ఆ ఒక్క పరీక్ష చేయించుకోండి.

ఇరవై ఏడు. ఇక్కడ ఏదో తెగింది.

నొప్పి అని చెప్పలేను. దీపంలో నూనె అయిపోయినట్టు. తొడలు రాళ్ళయ్యాయి. వేళ్ళ చివర్లు జలదరిస్తున్నాయి. గడియారంలో అంకెలు చూస్తున్నాను గానీ ఎంత మిగిలిందో తీసివేత రావడం లేదు. దీన్ని మారథాన్ వాళ్ళు గోడ అంటారు. కండరాల్లో, కాలేయంలో మనం దాచుకోగలిగే పిండి శక్తి సుమారు రెండు వేల క్యాలరీలు. ఒక కిలోమీటరుకు మన బరువు ఎన్ని కిలోలో ఇంచుమించు అన్ని క్యాలరీలు కాలతాయి. యాభై ఎనిమిది కిలోల నేను ముప్పై దగ్గరికొచ్చేసరికి ఖజానా అడుగంటక తప్పదు. ఈ లెక్క నాకు ఆరు నెలలుగా తెలుసు. తెలిసినా, దారి పక్కన కానుగ చెట్టు మొదట్లో కూర్చుండిపోయాను.

చిన్ననాటి అన్నమయ్య కొండెక్కుతూ మోకాళ్ళ పర్వతం దగ్గర ఆకలికి సొమ్మసిల్లి పడుకుంటే, అలమేలుమంగ వచ్చి ప్రసాదం పెట్టిందని కథ. చిన్నప్పుడు మా అవ్వ చెబితే భక్తి కథలాగా విన్నాను. ఇప్పుడు ఆ చెట్టు కింద అది ఒళ్ళెరిగిన కథ అనిపించింది. ఆ కొండ రాళ్ళ మీద పడుకున్న పిల్లవాడి కాళ్ళు ఎట్లా ఉండుంటాయో నాకు తెలుసు.

"ఏం అమ్మణ్ణీ, ఏమాయ? కండ్లు తిరగతా ఉండాయా?"

తలెత్తి చూస్తే నెత్తిన గడ్డిమోపుతో ఒకామె. మోపు కింద వేసి, దగ్గరికొచ్చి నా మొహం చూసింది. చెంపల మీద చెమట ఆరి ఉప్పు తెల్లగా పేరుకుంది. కొంగుతో తుడిచింది. "యాడ్నించి వస్తా ఉండావు?" అంది. శ్రీవారి మెట్టు కాడి నుంచి అన్నాను. "నడిచేనా?" పరిగెత్తి అన్నాను. ఎందుకని అడగలేదు ఆమె. "ఇంగ యాడికి?" అలిపిరికి. "అయితే అయిపోయిండాది గదా. లెయ్. కూసుంటే కాళ్ళు కొయ్యబారతాయి. నడిచి పో, ఉరక బాక."

నడుము సంచిలో మిగిలిన ఉంట నోట్లో వేసుకున్నాను. ఆమె చెయ్యి ఇస్తే పట్టుకుని లేచాను. అరచెయ్యి గరుకుగా, తడిగా, గడ్డి వాసన వేసింది. నూరు అడుగులు నడిచాను. తర్వాత ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. పొద్దున పసుపు కలుపుకుంటూ కూర్చున్న పెద్దావిడ ఈపాటికి ఏ మెట్టు మీద ఉందో. ఒక్కో మెట్టుకూ వంగి, పూసి, లేచి, మళ్ళీ వంగి. ఆమెకు గడియారం లేదు. ముప్పై. ముప్పై ఒకటి. నడకలో ఓటమి ఏమీ కనిపించలేదు నాకు.

అలిపిరిలో గరుడ విగ్రహం కనబడింది. ముందే చేరిన పిల్లా, కుర్రాడూ రోడ్డు దాటి ఎదురొచ్చారు. "అక్కా, రా అక్కా, వచ్చేసినావు" అని పిల్ల కేకలు. నాలుగు గంటలా ఇరవై ఆరు నిమిషాలు. బూట్లు విప్పితే పాదాలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. కొత్తగా మొలిచిన బొటనవేలి గోరు చెక్కుచెదరలేదు. దాన్నే చాలాసేపు చూసుకున్నాను.

అన్న తమ్ముణ్ణి ఆటోలో తీసుకొచ్చాడు. నా పక్కన కూర్చుని, గోడ తగిలిందా అని అడిగాడు. తగిలింది, ఒకామె లేపి పంపింది అన్నాను. అన్న కాసేపు మాట్లాడలేదు.

"ఇంగ ఈ మూడు వారాలు దూరం తగ్గించుకుంటా పోవాలమ్మా. ఒక మాట చెప్తా. హైదరాబాదులో ఫ్లైఓవర్లు ఎక్కి దిగతానే ఉండాల. వాటి మీద మనల్ని పలకరించే దిక్కుండదు. అక్కడ ఈ గోడ వస్తే శానా కష్టం."

అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆగస్టు నెలాఖరు ఆదివారం తెల్లవారక ముందే నెక్లెస్ రోడ్డులో బయల్దేరి, దుర్గం చెరువు తీగల వంతెన దాటుకుని, గచ్చిబౌలి స్టేడియానికి వస్తాం. ముందువాళ్ళు వెళ్ళిపోయాక చాలాసేపటికి, ఎండెక్కాక వచ్చే మాలాంటివాళ్ళు ఎంతోమంది ఉంటారు. ఆ దారి పక్కన మీ ఇల్లుంటే ఒక గంట వచ్చి నిలబడండి. నీళ్ళు లేకపోయినా ఫరవాలేదు, పిలవండి. పేరు తెలియకపోతే అమ్మణ్ణీ అనండి, నేను తిరిగి చూస్తాను.