మొక్కజొన్న పీచు చెప్పిన లెక్క

1727 ప్రాంతంలో ఫిలడెల్ఫియాలోని తన తోటలో, నాలుగు మూలలా మొక్కజొన్న వేయించాడు జేమ్స్ లోగాన్. పంట కోసం కాదు. ఆయనకు దేనికీ కొదవ లేదు. ఐర్లండ్‌లో పుట్టి, 1699లో పెన్సిల్వేనియా వలస రాజ్య స్థాపకుడు విలియం పెన్‌కు కార్యదర్శిగా అక్కడ అడుగుపెట్టి, మూలవాసుల దగ్గర తోళ్లు కొని ఇంగ్లండుకు పంపే వ్యాపారంలో బాగా గడించాడు. 1722లో ఫిలడెల్ఫియా మేయరయ్యాడు, ఆ తర్వాత ఆ వలస రాజ్యానికి ప్రధాన న్యాయమూర్తి. న్యూటన్‌ను కూడా చదివేవాడు.

పుప్పొడి పడనిదే విత్తనం కట్టదని జర్మనీలో కమెరారియస్ 1694లోనే రాశాడు. అయినా వాదాలు ఆగలేదు. మొక్కజొన్నతో తేల్చవచ్చని లోగాన్‌కు తోచింది. మగపూత మొక్క కొసన జల్లుగా విచ్చుకుంటుంది, ఆడపూత కింద కణుపు దగ్గర పొత్తుగా ఊరుతుంది. ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని ఉంచడం ఎవరికైనా చేతనవుతుంది.

ఒక మూల మొక్కలకు జల్లు విచ్చుకోకముందే తీసేశాడు. వేరే మొక్కల్లో పొత్తు కొసన మెత్తగా వేలాడే పీచును తుంచాడు: ఒకదానికి పావు వంతు, ఒకదానికి సగం, ఇంకోదానికి ముప్పాతిక, మరోదానికి మొత్తం. కొన్ని పొత్తులకు పీచు బయటికి రాకముందే పల్చటి మస్లిన్ గుడ్డ వదులుగా చుట్టాడు. గాలి, ఎండ తగులుతాయి, పుప్పొడి మాత్రం చేరదు.

కోత నాటికి గుడ్డ చుట్టిన పొత్తుల్లో గింజ లేదు. పీచు తుంచిన వాటిలో ఎంత పీచు మిగిలిందో అంత మేరకే గింజలు కట్టాయి. ఈ ప్రయోగానికి ప్రాణం ఇక్కడే ఉంది. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజకు దారి. జల్లు తీసేసిన మూలలో ఒకే ఒక్క పెద్ద పొత్తుకు, అదీ ఎదుటి మూల మొక్కల వైపున్న పక్కనే, కొన్ని గింజలు పట్టాయి. గాలి అటునుంచి పుప్పొడి తెచ్చిందన్నమాట. విత్తన మొక్కజొన్న వేసే మన రైతులు ఆడ వరుసల్లో జల్లు తీయించేదీ ఆ వరుసల పుప్పొడి వాటి పీచుకే చేరకూడదనే.

లండన్‌లోని మిత్రుడు పీటర్ కాలిన్‌సన్‌కు రాసిన ఉత్తరం ద్వారా సంగతి రాయల్ సొసైటీకి చేరింది. 1739లో లైడెన్‌లో లాటిన్ పుస్తకంగా వచ్చింది.

గింజ విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉన్న మనిషి నేల విషయంలో అలా లేడు. మనిషి ఒకటిన్నర రోజుల్లో నడిచినంత మేర పెన్ కుటుంబానిదేనన్న పాత పత్రం చూపి, 1737లో, ఆయన తాత్కాలిక గవర్నరుగా ఉండగా, ముందే బాట చదును చేయించి, వేగంగా నడిచేవాళ్లను కూలికి పెట్టి, మూలవాసులైన లెనాపె ప్రజల నేలను లక్షల ఎకరాల్లో లాక్కున్నారు. ఆ పనిలో లోగాన్‌ది ముఖ్యమైన చెయ్యి. తోట ప్రయోగాన్ని ఎంత మెచ్చుకున్నా ఈ అన్యాయాన్ని వదిలేసి ఆయన కథ చెప్పలేం.

తర్వాతి కాలంలో వృక్షశాస్త్రజ్ఞులు ఆయన పేరిట ఒక ప్రజాతికి లొగానియా అని పేరు పెట్టారు. దాన్నిబట్టి ఏర్పడిన లొగానియేసీ కుటుంబంలోనివే మన అడవుల్లోని ముష్టి చెట్టు, బురదనీటిని తేర్చే చిల్లగింజ చెట్టు.