జ్వరం తగ్గలేదు

మంగళగిరి ఎయిమ్స్‌లో 2019లో ఓపీ మొదలైంది. చుట్టుపక్కల పల్లెల జనం డాక్టరుతో మొరపెట్టుకునేది తెలుగులో, కేసు షీటుకెక్కేది ఇంగ్లీషులో. ఇది ఆ ఒక్క ఆసుపత్రి తీరు కాదు, ఇంగ్లీషు వైద్యంతో పాటే వచ్చిన ఆనవాయితీ. వైద్య నివేదికలను కంప్యూటరు చేత చదివించే ప్రయత్నాల్లో తెలుగు వెనకబడిందంటే తప్పు ఈ ఆనవాయితీదే, మన వ్యాకరణానిది కాదు.

ఆ ప్రయత్నాల్లో తొలినాటిది న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో నవోమీ సేగర్ 1965లో మొదలుపెట్టిన లింగ్విస్టిక్ స్ట్రింగ్ ప్రాజెక్టు. ఒక వృత్తివాళ్లు తమలో తాము రాసుకునే భాషకు మామూలు భాషకన్నా ఇరుకైన వ్యాకరణం ఉంటుందన్న జెలిగ్ హారిస్ ఆలోచన ఆమెకు దారి చూపింది. డాక్టర్ల రాతలో కర్త ఉండదు, క్రియ ఉండదు. అయినా ఏ అవయవం, ఏ లక్షణం, ఎన్నాళ్లుగా అన్న వరస చెదరదు. ఆ వరసనే ఆమె పట్టికల్లోకి దించారు. చిక్కల్లా ‘లేదు’ దగ్గర వచ్చింది. జ్వరం లేదని రాసినా, జ్వరం అన్న మాట కనపడగానే యంత్రం రోగికి జ్వరం అంటగడుతుంది. వెండీ చాప్‌మన్ బృందం 2001లో ప్రచురించిన నెగెక్స్ పద్ధతి, లేదనే మాటలకు దగ్గర్లో ఉన్న జబ్బులను పక్కన పెడుతుంది. మరి మన ‘జ్వరం తగ్గలేదు’ సంగతేమిటి? అందులో లేదు ఉంది, జ్వరమూ ఉంది! ఇంగ్లీషులోనూ ఇలాంటి మెలికలున్నాయి, నెగెక్స్ వాటికి విడిగా జాబితా పెట్టుకుంది. తెలుగులో మాత్రం లేదనడం క్రియలోనే కలిసిపోతుంది కనుక ముందు మాటను విడగొట్టాలి.

విడగొట్టే విద్య మనకు కొత్త కాదు. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ తదితరుల అక్షర భారతి బృందం పాణిని కారకాల ఆధారంగా భారతీయ భాషల వాక్యవిశ్లేషణపై 1995లోనే పుస్తకం తెచ్చింది; తెలుగును హిందీలోకి మార్చే అనుసారక కూడా ఈ బృందం చేతి పనే. వ్యాకరణం సిద్ధమైనా, దానికి అందించడానికి తెలుగు కేసు షీట్లు లేవు. ఇప్పటి భారీ భాషా నమూనాలకు వ్యాకరణంతో పనేముందని అడగవచ్చు. సరే, వాటికైనా రాసిన తెలుగే కదా మేత. డాక్టర్లు ఇంగ్లీషులోనే చదువుకున్నారు, తెలుగులో రాయమంటే ఎలా అన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. అంతా రాయనక్కర్లేదు. ప్రధాన బాధను రోగి మాటల్లోనే నమోదు చేయాలని వారి పాఠ్యపుస్తకాలే చెబుతాయి. ‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్నదాన్ని ఏ ఇంగ్లీషు జబ్బుగా మార్చాలో తర్వాత తేల్చుకోవచ్చు. ఆ ఒక్క వాక్యం మాత్రం అన్నది అన్నట్టు తెలుగులో రాయండి.