అంతర్జాతీయ ఆన్‌లైన్ తరగతి బంధాలు

వేర్వేరు దేశాల బడిపిల్లలు ఇంటర్నెట్ ద్వారా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, ఒకే పనిని పంచుకుని చేసే చదువు పద్ధతి ఇది. ఈ-మెయిల్, వీడియో కాల్ దీని ముఖ్య సాధనాలు. తెలుగు నేల మీద దీని చరిత్రలో అన్నిటికన్నా విశేషమైన ఘట్టం హైదరాబాదులో నడిచింది. గోదావరి జిల్లాల పల్లెలకు ఇందుకు కావలసిన తీగలు ఆ తరవాత కొన్నేళ్లకు గాని రాలేదు.

పూర్వరంగం

ఇంటర్నెట్‌కు ముందు ఈ పని తపాలా చేసింది. ఫ్రాన్సులో సెలెస్తాఁ ఫ్రెనే అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు 1920లలో పిల్లల సొంత రాతల్ని బడిలోనే చిన్న ముద్రణ యంత్రం మీద వేయించి, దేశానికి ఇంకో కొసన బ్రిటనీలో ఉన్న మరో బడికి పంపించేవారు. మన పత్రికల్లో వచ్చిన కలం స్నేహం శీర్షికలదీ ఇదే దారి. 1988లో న్యూయార్క్ రాష్ట్రంలో 12 బడులను, మాస్కోలో 12 బడులను కంప్యూటర్లతో కలిపారు. ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా ముగియని రోజుల్లో అది సాహసమే. అందులోంచి పుట్టిన ఐఎర్న్ సంస్థ 140కి పైగా దేశాలకు పాకింది.

హైదరాబాద్ ప్రయోగాలు

1999లో ఢిల్లీ కాల్కాజీలో కార్యాలయం గోడకు కంప్యూటరు అమర్చి, పక్కనున్న మురికివాడ పిల్లలకు వదిలేసిన ప్రయోగంతో సుగతా మిత్రా పేరు ప్రపంచానికి తెలిసింది. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ టూలీ దాదాపు ఆ రోజుల్లోనే హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో కొద్దిపాటి ఫీజుతో నడిచే ప్రైవేటు బడులను పరిశీలిస్తున్నారు. వీరిద్దరూ మరి కొందరితో కలిసి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంగ్లీషును గట్టి తెలుగు యాసతో పలికే 16 మంది పిల్లలకు, మాటను విని అక్షరాల్లో పెట్టే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరు ఇచ్చారు. ఆ యంత్రానికి బ్రిటిష్ ఉచ్చారణే అర్థమవుతుంది. అది సరిగా రాసేదాకా పిల్లలు చదివి, వినిపించి, దిద్దుకుని మళ్లీ చదివారు. పక్కన దిద్దే పంతులు లేకుండానే వాళ్ల ఉచ్చారణ మెరుగుపడింది.

2006లో మిత్రా న్యూకాజిల్ వెళ్లారు. మరుసటి ఏడాది తమిళనాడులోని కాళికుప్పం అనే ఊరి పిల్లలు జీవసాంకేతిక శాస్త్రాన్ని తమంతట తాము కంప్యూటరు మీద నేర్చుకోగా పరీక్షలో 30 శాతం దాకా వచ్చారు. అక్కడ ఆగిపోయారు. ఆ శాస్త్రం బొత్తిగా తెలియని ఒక యువతి పిల్లల వెనక నిలబడి, వాళ్లు చేసిందల్లా చూసి మెచ్చుకుంటూ పోతే 50 శాతానికి చేరారు. యంత్రం కన్నా, చూసి మురిసే మనిషికి విలువ ఎక్కువన్న గ్రహింపు ఇక్కడి నుంచే వచ్చింది.

స్కైప్‌ను దేనికి వాడుకుంటారని మిత్రా మన దేశపు పిల్లల్ని అడిగితే, బ్రిటన్ అమ్మమ్మల చేత కథలు చదివించుకుంటామన్నారు. అందుకు తలా కొంత వేసుకుని వారానికి ఒక పౌండు ఇస్తామని లెక్క కూడా కట్టుకున్నారు. 2009లో గార్డియన్ పత్రికలో ఈ సంగతి వెలువడగానే 200 మందికి పైగా ముందుకు వచ్చారు. గ్రానీ క్లౌడ్ పేరుతో మొదలైన ఆ కార్యక్రమపు తొలి కేంద్రాల్లో హైదరాబాద్ బడులు ఉన్నాయి. గోడ మీద నిలువెత్తున కనిపిస్తూ కథ చదివే ఆ అమ్మమ్మలు పాఠం చెప్పేవారు కాదు. పిల్లలు చూపించింది చూసి, ఇంకేం చేశారని అడిగేవారు. సునీతా కులకర్ణి ఈ పనిని ఓర్పుగా సమన్వయం చేశారు. ఇది తరగతికీ తరగతికీ మధ్య బంధం కాదు, తరగతికీ ఒక ఇంటికీ మధ్య బంధం. అయినా వారం వారం వచ్చి పలకరించే మనిషి ఉండటం వల్ల ఇది పాతుకుంది. మిత్రాకు 2013లో 10 లక్షల డాలర్ల టెడ్ బహుమతి వచ్చింది. గోడ కంప్యూటర్లు కొన్ని ఊళ్లలో పాడుబడ్డాయని పరిశోధకురాలు పాయల్ అరోరా 2010లో రాసిన విమర్శ కూడా గమనించదగ్గదే.

ప్రవాస తెలుగు బడులు

కాలిఫోర్నియాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి ప్రవాసుల పిల్లలకు వారాంతాల్లో తెలుగు నేర్పుతోంది. 2020లో కరోనా వల్ల తరగతులు ఆన్‌లైన్‌కు మారాయి.

గోదావరి జిల్లాల్లో

2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్ ఇచ్చారు. ఆ ఊరి అభివృద్ధి నమూనాలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి భాగం ఉంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌గ్రిడ్‌ను ప్రారంభించారు. కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగడంతో, తవ్వకాల ఖర్చు లేకుండా పనులు తొందరగా సాగాయి.

తీగ వచ్చాక మిగిలే చిక్కు గడియారానిది. ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెంలో ఉదయం 9 గంటలకు బడి మొదలయ్యేసరికి కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి. బ్రిటన్‌లో 9 గంటల గంట కొట్టేటప్పటికి ఇక్కడ వేసవిలో 1:30, చలికాలంలో 2:30. అంటే కలిసి కూర్చోవడానికి మధ్యాహ్నం ఒకటి రెండు గంటలే చిక్కుతాయి. మారిషస్‌కూ మనకూ తేడా గంటన్నరే. అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు నేర్పుతారు కూడా, కాబట్టి ఇంగ్లీషు రాని పిల్లలకూ ఆ జోడీ నప్పుతుంది. మలేషియా మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది. అక్కడి ఉదయపు బడి చివరి గంట, మన మొదటి గంట కలుస్తాయి. ఉత్తరాంధ్ర నుంచి తోటల పనికి వెళ్లిన కుటుంబాల వారసులు అక్కడ ఉన్నారు. పంట కూడా ఒకటే. జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల మెట్టలో ఆయిల్‌పామ్ తోటలు విస్తారం, ఏలూరు దగ్గర పెదవేగిలో దాని జాతీయ పరిశోధన సంస్థ ఉంది. కోసిన గెల 24 గంటల్లోగా మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత దెబ్బతింటుందన్న సంగతి రెండు చోట్లా రైతుబిడ్డలకు తెలిసిందే.