ఇంటి ముంగిటి సంత

అమెరికాదేశమున శని, ఆదివారములందు వీధివెంట నడచువారికి ఇండ్లముందఱ బల్లలపై పాత దీపములు, చదివి విడిచిన పుస్తకములు, బిడ్డలు పెరిగిన పిమ్మట మూలబడిన ఉయ్యెలలు ధరచీట్లతో నగపడును. కారునుంచు కొట్టమును గరాజందురు గావున ఈ విక్రయమునకు గరాజు సేలని పేరు.

ఇంతకంటె పాతది రమ్మేజి సేలు. ఓడలో సరకు సర్దుటను దెలుపు ఫ్రెంచిపదమునుండి పుట్టిన ఆ మాట, పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ దేవాలయములవారు ధర్మకార్యములకై పాతవస్తువులు పోగుచేసి యమ్ముటకు చెల్లెను. సొమ్ము బీదలకు జేరునది గావున అచ్చట అమ్మువారికి సిగ్గు లేదు. తన సామానును తన వాకిటనే తన లాభమునకై యమ్ముకొనుట మాత్రము, రెండవ ప్రపంచయుద్ధానంతరము నగరముల వెలుపల ముంగిలియు గరాజును గల యిండ్లు విస్తారముగా లేచిన పిమ్మటనే వ్యాపించెను.

అప్పటికి ఆ దేశస్థులు అంగడిలో బేరమాడుట మఱచియుండిరి. 1846లో న్యూయార్కున అలెగ్జాండరు స్టూవర్టును, 1876లో ఫిలడెల్ఫియాలో జాను వానమేకరును తెఱచిన గొప్ప అంగళ్లలో వస్తువున కొకటే ధర. ఇంగ్లండులోని క్వేకరులు అంతకు రెండువందల యేండ్లకు మునుపే ఈ నియమమును బూనిరి. మనుష్యునిబట్టి ధర మార్చుట అసత్యమని వారి తలంపు. ఆ తలంపు న్యాయమైనదే. బేరమెఱుగని పిల్లవాడును, బేరమున ఆఱితేరిన ముసలమ్మయు ఒకే వెల యిత్తురు. అయినను అమ్మువారికిని కొనువారికిని నడుమ నుండెడి సంభాషణము దానితో నశించెను. గరాజులో నది తిరిగి వచ్చినది. చీటిపై 5 డాలర్లని యున్నను 3 డాలర్లకిత్తురా యని యడుగుట కెవరును జంకరు. పాతచీరలకు స్టీలుగిన్నె లిచ్చు నామెతో గడపకడ గంటసేపు వాదించు మన గృహిణులకు ఈ యానందమును వివరింప నక్కఱలేదు.

పత్రికలు మాత్రము నిధులు దొరకిన కథలనే చాటును. 2007లో న్యూయార్కు రాష్ట్రమున నొక కుటుంబమువారు ఇట్టి విక్రయమున 3 డాలర్లకు గొన్న తెల్లని గిన్నె, చీనాదేశపు ఉత్తర సుంగ్ వంశకాలమునాటి డింగ్ పాత్రయని తేలి, 2013 మార్చిలో వేలమున 22 లక్షల డాలర్లకు పైగా పలికెను. ఈ కథ విన్నపుడెల్ల మాకు కొన్నవారికంటె అమ్మినవారే తలపునకు వత్తురు. వారు మోసపోయిరనుటకు వీలులేదు. కొన్నవారును దాని విలువ నెఱుగక కొన్నియేండ్లు ఇంట అలంకారముగా నుంచుకొనిరి.

ఇట్టి విక్రయములను చిరకాలము పరిశీలించిన గ్రెచెన్ హెర్మన్ అను మానవశాస్త్ర పండితురాలు, చేతులు మాఱునది సరకా, కానుకయా యని 1997లో ప్రకటించిన వ్యాసమున ప్రశ్నించినది. ఇందు పాల్గొనువారిలో స్త్రీలే యెక్కువ. తమ కిష్టమైన వస్తువు దాని నాదరింపగలవారి చేతికి బోవునని తోచినపుడు అమ్మువారు తామే ధర తగ్గింతురు. ఒక్కొక్కప్పుడు ఊరకయే యిత్తురు. అది తమ యింట నెన్నాళ్లుండెనో, ఎవరు వాడిరో ఆ కథయు జెప్పి పంపుదురు.